అమెరికా నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికా వీసాల గురించో, పౌరసత్వం గురించో వార్త లేకుండా మన పత్రికలకు ఈ మధ్య ఒక్క వారం కూడా గడవడం లేదు. పిల్లలు అక్కడ చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఉన్నాయి కనుక ఆ వార్తలకు పాఠకులు ఉండడం సహజమే. నా అభ్యంతరం వార్త వేయడం గురించి కాదు. అధ్యక్షుడు సంతకం పెట్టిన ఉత్తర్వు, ప్రతినిధుల సభలో ఎవరో ఒక సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు, ఒక శాఖ అభిప్రాయాలు కోరుతూ ప్రచురించిన ముసాయిదా, ఎక్కడో ఒక జిల్లా కోర్టు ఇచ్చిన స్టే - ఈ నాలుగూ ఒకే సైజు అక్షరాలలో, ఒకే స్వరంతో, రేపటి నుంచే అమలైపోతాయన్నట్టు అచ్చవుతున్నాయి. నిర్ణయం ఏమిటో రాస్తున్నారు గాని, అది ఏ అధికారం నుంచి పుట్టిందో, దాన్ని ఎవరు మార్చగలరో రాయడం లేదు. ఆ ఒక్క సంగతి తెలియకపోతే పాఠకుడికి భయపడాలో, ఆగి చూడాలో, వకీలును కలవాలో తేలదు. న్యాయ కళాశాలలో చాలాకాలం రాజ్యాంగ చట్టం బోధించిన వాడిగా ఈ విషయం కొంత వివరంగా రాస్తున్నాను, నిడివిని మన్నించగలరు.

ముందు బిల్లుల సంగతి. 2019 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులపై దేశాల వారీ పరిమితిని ఎత్తివేసే బిల్లును 365-65 ఓట్ల తేడాతో ఆమోదించింది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలుచున్న భారతీయులకు అంతకు మించిన శుభవార్త ఏముంటుంది? 2020 డిసెంబరులో సెనేట్ కూడా అలాంటి బిల్లునే ఆమోదించింది. అయితే రెండు సభల పాఠాలు ఒకటి కావు. ఆ తేడాలు సర్దుబాటు కాకుండానే 2021 జనవరి మొదట్లో ఆ కాంగ్రెస్ (ఈ రెండు సభలూ కలిసిన అక్కడి పార్లమెంటు) కాలపరిమితి ముగిసింది, దానితోపాటు బిల్లూ మురిగిపోయింది. అక్కడి కాంగ్రెస్ ఆయుష్షు రెండేళ్లే. ఆ లోగా రెండు సభలూ అక్షరం పొల్లు పోకుండా ఒకే పాఠాన్ని ఆమోదించి, అధ్యక్షుడు సంతకం చేస్తేనో, లేదా ఆయన నిరాకరణను రెండు సభలూ మూడింట రెండు వంతుల ఓట్లతో తోసిపుచ్చితేనో బిల్లు చట్టమవుతుంది. ఒక సభలో గెలిచిన బిల్లుకు మిఠాయిలు పంచుకున్నవారు, ఒక సభ్యుడు ప్రవేశపెట్టగానే బెంబేలెత్తిపోయినవారు ఇద్దరూ వార్తను నమ్మి మోసపోయినవారే.

అమెరికా న్యాయవ్యవస్థలో అన్నిటికంటే పైన ఉండేది రాజ్యాంగం. 1787లో ఫిలడెల్ఫియాలో రాసుకుని 1789లో అమలులోకి తెచ్చుకున్న ఆ పత్రంలోని ఆరో అధికరణ ప్రకారం రాజ్యాంగమూ, దానికి లోబడి చేసిన ఫెడరల్ (అంటే కేంద్ర) చట్టాలూ, దేశం చేసుకున్న సంధులూ దేశానికి సర్వోన్నత శాసనం. రాష్ట్రాల న్యాయమూర్తులు సైతం వాటికి కట్టుబడాలి. దాన్ని సవరించడం ఎంత కష్టమో మనవాళ్లకు వెంటనే తట్టదు, ఎందుకంటే మన రాజ్యాంగాన్ని ఏడున్నర దశాబ్దాలలోపే వందకు పైగా సార్లు సవరించుకున్నాం. అక్కడ ఇన్నేళ్లలో జరిగినవి 27 సవరణలే, అందులోనూ మొదటి పది 1791లో ఒక్కసారిగా వచ్చాయి. సవరణను రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ప్రతిపాదించాక నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు, అంటే 50లో 38, ఆమోదించాలి. ఇరవయ్యేడో సవరణను 1789లో ప్రతిపాదిస్తే 1992లో గాని అది పూర్తి కాలేదు. రెండు శతాబ్దాలు ఆగిన కాగితం అది!

ఆ రాజ్యాంగానికి అర్థం చెప్పే చివరి మాట కోర్టులది. ఈ అధికారం రాజ్యాంగంలో విడిగా రాసి లేదు. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ 1803లో మార్బరీ వర్సెస్ మాడిసన్ కేసులో దాన్ని స్థాపించారు. అప్పటి నుంచి తీర్పు కూడా అక్కడ చట్టానికి ఒక మూలం. ఇంగ్లండు నుంచి వచ్చిన కామన్ లా సంప్రదాయంలో పైకోర్టు ఒకసారి తేల్చిన సూత్రం కింది కోర్టులను బంధిస్తుంది. మన 141వ అధికరణ చెప్పేదీ దాదాపు అదే కనుక మనకిది కొత్త కాదు. కొత్తగా గమనించవలసింది వేరే ఉంది. కోర్టు ఏ పత్రాన్ని వ్యాఖ్యానించి ఆ తీర్పు ఇచ్చిందన్న దాన్ని బట్టే ఆ తీర్పు బలం, ఆయుష్షు ఉంటాయి. భారతీయుల చరిత్రతోనే ముడిపడిన ఒక పాత కేసును, పౌరసత్వంపై వచ్చిన మరో పాత కేసును పక్కపక్కన పెట్టి చూస్తే ఇది స్పష్టమవుతుంది.

1923లో భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. పంజాబులో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఆయన అక్కడి పౌరసత్వం కోరారు. 1790 నాటి చట్టం పౌరసత్వాన్ని తెల్లజాతి స్వేచ్ఛాజీవులకే పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికా సంతతి వారిని చేర్చారు గాని ఆసియా వారిని చేర్చలేదు. థింద్ ఆ చట్టంలోని అర్థం ప్రకారం తెల్లవాడు కాడని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన మరికొందరు భారతీయులూ ఆ తీర్పు వల్ల దాన్ని పోగొట్టుకున్నారు. ఎంత అన్యాయమైన తీర్పయినా అది వ్యాఖ్యానించింది కాంగ్రెస్ చేసిన మామూలు చట్టాన్ని. అందుకే 1946లో కాంగ్రెస్ మరో చట్టం చేసి భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 మంది వలస కోటా ఇవ్వగానే ఆ అడ్డంకి తొలగిపోయింది. ఏ కోర్టూ తన తీర్పును తిరగరాయవలసిన అవసరం రాలేదు.

ఇక 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన ఆయన చైనా వెళ్లి తిరిగి వస్తే, పౌరుడు కాడని ఓడరేవులోనే ఆపేశారు. అప్పట్లో ఆయన తలిదండ్రులకు పౌరసత్వం పొందే హక్కే లేదు. అయినా 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ ప్రకారం అమెరికా గడ్డపై పుట్టిన ఆయన పౌరుడేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ కోర్టు వ్యాఖ్యానించింది రాజ్యాంగాన్ని. అలాంటి తీర్పును కాంగ్రెస్ సాధారణ చట్టంతో గాని, అధ్యక్షుడు సంతకంతో గాని రద్దు చేయలేరు. కోర్టు తన వ్యాఖ్యానాన్ని తానే మార్చుకోవాలి, లేదా 38 రాష్ట్రాలు ఒప్పుకుని రాజ్యాంగాన్ని సవరించుకోవాలి. 1973 నాటి గర్భస్రావ హక్కు తీర్పును 2022లో ఆ కోర్టే తోసిపుచ్చిందంటే మొదటి మార్గమూ అసాధ్యం కాదన్నమాట.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వెలువడినప్పుడు మన పాఠకులకు అందవలసిన సమాచారం ఇదే. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే బిడ్డకు పుట్టుకతో పౌరసత్వాన్ని గుర్తించవద్దని శాఖలను ఆదేశించిన ఉత్తర్వు అది. హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్న మన దంపతులకు నేరుగా తగిలే మాట కనుక ఇళ్లలో కలవరం పుట్టింది. ఉత్తర్వు వచ్చిన నాలుగు రోజులలోపే సియాటిల్‌లోని ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి దాన్ని నిలిపివేశారు. జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 తీర్పు ఇచ్చేసరికి పుట్టుకతో వచ్చే పౌరసత్వం పోయిందని చాలామంది అనుకున్నారు. ఆ రోజు కోర్టు తేల్చింది పౌరసత్వ ప్రశ్నను కాదు. ఒక జిల్లా న్యాయమూర్తి ఇచ్చే నిలుపుదల ఆ కేసులోని కక్షిదారులకే పరిమితమా, దేశమంతటికీ వర్తిస్తుందా అన్న ప్రశ్నను మాత్రమే. ఆ తేడాను చెప్పడానికి వార్తలో రెండు వాక్యాలు చాలేవి.

రాజ్యాంగం తరువాతి మెట్టు కాంగ్రెస్ చట్టాలది. హెచ్-1బీకి ఏటా 65 వేల పరిమితి, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు, ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు సుమారు 1 లక్షా 40 వేలు, అందులో ఏ ఒక్క దేశానికైనా 7 శాతం - ఇవన్నీ చట్టంలోనే ఉన్న అంకెలు. ఏ అధ్యక్షుడికి భారతీయులపై ఎంత ప్రేమ ఉన్నా, ఎంత కోపం ఉన్నా ఈ అంకెలను ఆయన తన కలంతో మార్చలేడు. ఎన్నికల సభల్లో ఇచ్చే హామీలను ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే అందులో ఎంత సరుకు ఉందో తెలిసిపోతుంది.

అయితే అదే చట్టం అధ్యక్షుడికి కొన్ని అధికారాలను స్వయంగా అప్పగించింది. 1952 నాటి వలస చట్టంలోని ఒక నిబంధన, ఏదైనా ఒక తరగతి విదేశీయుల ప్రవేశం దేశ ప్రయోజనాలకు హాని అని తాను భావిస్తే దాన్ని నిలిపివేసే అధికారాన్ని ఆయనకు ఇచ్చింది. 2025 సెప్టెంబరు 19 శుక్రవారం నాడు హెచ్-1బీ వీసాలపై లక్ష డాలర్ల చెల్లింపు విధించిన ప్రకటన ఆ నిబంధన ఆధారంగా వచ్చిందే. ఆదివారం తెల్లవారుజామున 12 గంటల 1 నిమిషం నుంచి అమలు అన్నారు. సెలవులకు ఇండియా వచ్చినవారు ఆ ఒక్క రోజులో తిరుగు టికెట్ల కోసం పడిన పాట్లు అందరికీ తెలిసినవే. అది ఏడాదికేడాది కట్టవలసిన రుసుమని మొదట ఒక మంత్రి చెప్పారు. మరునాడు అధ్యక్ష భవనం, వలస సేవల సంస్థ వేరే మాట చెప్పాయి: ఇది ఒక్కసారి చెల్లింపే, గడువు తరువాత దాఖలయ్యే కొత్త దరఖాస్తులకే వర్తిస్తుంది, ఇప్పటికే వీసా ఉన్నవారి రాకపోకలకు కాదు. ప్రకటన పాఠంలో పన్నెండు నెలల గడువు కూడా ఉంది. పాఠాన్ని ముందే వెతికి చదివినవారు తక్కువ. మంత్రి నోటిమాట చట్టం కాదు, సంతకమైన పాఠమే చట్టం అన్నది వకీళ్లకు మొదటి ఏడాదిలోనే నేర్పే సంగతి. విలేఖరులకూ అది అక్కరకు వస్తుంది.

మన పిల్లల జీవితాలను అన్నిటికంటే ఎక్కువగా నడిపించేవి మాత్రం ఈ పెద్ద పత్రాలు కావు, శాఖలు చేసే నిబంధనలు. చదువు ముగిశాక పనిచేయడానికి అనుమతించే ఓపీటీనే తీసుకోండి. వేల మంది తెలుగు విద్యార్థులు విద్యారుణం తెచ్చుకునేది, వాళ్ల తండ్రులు పొలాలు తాకట్టు పెట్టేది దాన్ని నమ్మే. విద్యార్థి వీసాను సృష్టించిన చట్టంలో ఓపీటీ అన్న మాటే లేదు. అది పూర్తిగా శాఖ నిబంధన. పన్నెండు నెలల అనుమతికి తోడు, సైన్స్, ఇంజనీరింగ్ వంటి స్టెమ్ చదువుల వారికి 2008లో మరో 17 నెలలు కలిపారు. అలా కలిపేటప్పుడు ముందుగా ముసాయిదా ప్రచురించి ప్రజల అభిప్రాయాలు తీసుకోలేదు. 1946 నాటి పరిపాలనా విధాన చట్టం ప్రకారం అది తప్పనిసరి. నిబంధన మంచిదా చెడ్డదా అన్న జోలికి పోకుండా, పెట్టిన పద్ధతి సరిగా లేదన్న కారణంతో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు 2015 ఆగస్టులో దాన్ని కొట్టివేసింది. కొత్త నిబంధన చేసుకోవడానికి మాత్రం కొంత గడువు ఇచ్చింది. ఈసారి శాఖ ముసాయిదా ప్రచురించింది. సుమారు 50 వేల అభిప్రాయాలు వచ్చాయి. వాటికి సమాధానాలతో సహా తుది నిబంధన వెలువడి 2016 మే 10 నుంచి అమలైంది. ఇప్పటి 24 నెలల పొడిగింపు దాని ఫలితమే. ఒక నిబంధనను పెట్టడానికే కాదు, తీసివేయడానికీ ఇదే దారిన నడవాలి. కనుక ఓపీటీని ఎత్తివేస్తున్నారన్న శీర్షిక కనిపించినప్పుడు అడగవలసింది ఒక్కటే: ముసాయిదా అక్కడి ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయిందా? అచ్చు కాకపోతే అది ఇంకా ఎవరిదో ఉద్దేశం మాత్రమే.

ఇక్కడ విలేఖరులకు పనికొచ్చే చిన్న గుర్తు ఒకటి. అమెరికా పత్రాలలో అంకెల మధ్య యూఎస్‌సీ అని ఉంటే అది కాంగ్రెస్ చట్టాల సంకలనం, సీఎఫ్‌ఆర్ అని ఉంటే శాఖల నిబంధనావళి. వలస విషయాలు రెండింటిలోనూ ఎనిమిదో విభాగంలోనే ఉంటాయి, అందుకే తికమక. మొదటిదాన్ని మార్చాలంటే రెండు సభలు కావాలి, రెండోదానికి ఒక శాఖ, కొన్ని నెలల ఓపిక చాలు. పైగా 2024 జూన్‌లో సుప్రీంకోర్టు తన నలభై ఏళ్ల నాటి సూత్రాన్ని వదిలేసి, చట్టంలో అస్పష్టత ఉన్నంత మాత్రాన శాఖ చెప్పిన అర్థానికి కోర్టులు తలవంచనక్కరలేదని తేల్చింది. చట్టంలో గట్టి ఆధారం లేని నిబంధనలన్నిటికీ, మనకు మేలు చేసేవాటికి కూడా, దాని వల్ల కోర్టులో పరీక్ష మరింత కఠినమైంది.

ఫెడరల్ ప్రభుత్వం గురించి ఇంత చెప్పినా, అక్కడ మనిషి రోజువారీ బతుకులో ఎక్కువ భాగం రాష్ట్రాల చట్టాల కిందనే గడుస్తుంది. రాజ్యాంగం ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వని, రాష్ట్రాలకు నిషేధించని అధికారాలు రాష్ట్రాలవో, ప్రజలవో అని పదో సవరణ చెబుతుంది. మన దగ్గర మిగులు అధికారాలు పార్లమెంటువి. ఈ తిరగబడిన అమరిక వల్లనే మనవాళ్ల లెక్క తప్పుతుంది. దేశమంతటికీ ఒకే శిక్షాస్మృతి ఉన్న మనకు, హత్య నుంచి దొంగతనం వరకు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నేర చట్టం ఉంటుందంటే వింతగా తోస్తుంది. లూసియానాలో అయితే ఫ్రెంచి, స్పానిష్ పాలన వారసత్వంగా సివిల్ వ్యవహారాలకు కామన్ లా బదులు క్రోడీకరించిన స్మృతి ఉంది. కోర్టుల పేర్లూ ఒక తీరుగా ఉండవు. న్యూయార్క్ రాష్ట్రంలో సుప్రీంకోర్టు అనేది విచారణ కోర్టు. విడాకుల దావాలు వేసేది అందులోనే. ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. న్యూయార్క్ సుప్రీంకోర్టు అనగానే అమెరికా సుప్రీంకోర్టు అనుకుని పతాక శీర్షిక కడితే ఏమవుతుందో ఊహించగలరు.

విడాకుల మాట వచ్చింది కనుక: పెళ్లి, విడాకులు, ఆస్తి పంపకం రాష్ట్రాలవే. కాలిఫోర్నియాలో కాపురం చేస్తుండగా సంపాదించినది సాధారణంగా చెరిసగం. న్యూజెర్సీలో కోర్టు సబబనుకున్న నిష్పత్తిలో పంచుతుంది. ఉద్యోగం కోసం రాష్ట్రం మారిన దంపతులకు తెలియకుండానే వర్తించే చట్టం మారిపోవచ్చు. ఆ తీర్పు ఇక్కడ చెల్లుతుందా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట వ్యవహారంలో భర్త మిస్సోరి కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకులను మన సుప్రీంకోర్టు 1991లో గుర్తించ నిరాకరించింది. ఆ పెళ్లికి వర్తించే హిందూ వివాహ చట్టం ఒప్పుకునే పరిధి గాని, కారణం గాని ఆ విదేశీ తీర్పుకు లేవన్నది ఆధారం. అమెరికా సంబంధాల వార్తలు రాసేవారు తరచు గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే చాలుననుకోవడం ఎంత ప్రమాదమో గంజాయి విషయంలో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 2016 నవంబరులో ఓటర్లే నేరుగా బ్యాలెట్ ద్వారా పెద్దలకు దాని వినియోగాన్ని చట్టబద్ధం చేసుకున్నారు. ఇలా ఓటర్లే చట్టం చేసే ఏర్పాటు కొన్ని రాష్ట్రాలలో ఉంది, ఫెడరల్ స్థాయిలో లేదు. లైసెన్సు ఉన్న దుకాణంలో, రసీదు ఇచ్చి, పన్ను కట్టించుకుని అమ్ముతారు. కాని 1970 నాటి ఫెడరల్ మాదకద్రవ్యాల చట్టం ఆ వినియోగాన్ని ఇప్పటికీ ఒప్పుకోదు, వీసా చూసేది ఫెడరల్ ప్రభుత్వం. దుకాణం రసీదు రాష్ట్ర పోలీసు ముందు పనిచేస్తుంది గాని, వాడానని వలస అధికారి ఎదుట ఒప్పుకున్న విదేశీ విద్యార్థికి ఏ రక్షణా ఇవ్వదు. తలిదండ్రులు ఫోనులో పిల్లలకు చెప్పవలసిన సంగతుల్లో ఇది మొదటి వరుసలో ఉండాలని నా అభిప్రాయం.

చివరిగా సివిల్, క్రిమినల్ తేడా. దేశం నుంచి పంపించివేసే ప్రక్రియను అక్కడి చట్టం శిక్షగా కాక సివిల్ వ్యవహారంగా చూస్తుంది. 1893 నుంచి సుప్రీంకోర్టు వైఖరి ఇదే. తీవ్ర నేరారోపణ ఎదుర్కొనే పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలు ఉండి తీరాలని 1963లో చెప్పిన కోర్టు సూత్రం ఈ ప్రక్రియకు వర్తించదు. వకీలును సొంత ఖర్చుతో పెట్టుకోవాలి. విచారించే వలస న్యాయమూర్తి కూడా ఫెడరల్ న్యాయశాఖ ఉద్యోగే గాని, జీవితకాల పదవి గల కోర్టు న్యాయమూర్తి కాడు. దుకాణంలో చిన్న వస్తువు తీసిన కేసులో, జరిమానాతో పోతుందని నేరం ఒప్పుకుంటే రాష్ట్ర కోర్టులో అంతటితో ముగుస్తుంది. వలస చట్టం లెక్కలో అది నైతిక పతనం కిందికి వచ్చి వీసాకే ఎసరు పెట్టవచ్చు. అందుకే నేరం ఒప్పుకునే ముందు వలస పరిణామాలను చెప్పడం క్రిమినల్ వకీలు బాధ్యత అని సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇచ్చింది. అరెస్టు వార్త రాసేటప్పుడు ఈ రెండో ముప్పు గురించి మన పత్రికలు రాయడం అరుదు.

నేను కోరేది పెద్ద మార్పు కాదు. అమెరికా నుంచి వచ్చే ప్రతి వార్త కింద అది రాజ్యాంగ వ్యాఖ్యానమా, చట్టమా, బిల్లా, నిబంధనా, ముసాయిదానా, అధ్యక్ష ఉత్తర్వా, ఏ స్థాయి కోర్టు తీర్పు అన్నది, అమలు తేదీ ఎప్పుడన్నది ఒక్క వరుసలో వేయండి. ముసాయిదా నిబంధన అయితే దాని డాకెట్ (దస్త్రం) నంబరు, అభిప్రాయాలు పంపే ఆఖరు తేదీ కూడా ఇవ్వండి. ఆ గడువు తరచు 30 లేదా 60 రోజులే ఉంటుంది. అభిప్రాయం చెప్పడానికి అమెరికా పౌరులై ఉండాలన్న నియమం లేదు, రుసుమూ లేదు. అప్పు చేసి బిడ్డను చదివిస్తున్న తండ్రి నరసరావుపేటలోనో కరీంనగర్‌లోనో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా పంపవచ్చు, తుది నిబంధనలో శాఖ ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు చెప్పవలసిందే.

భవదీయుడు,
విశ్రాంత న్యాయశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు.